హోమ్ గేమ్ అంటే మనోళ్ళే బిగుసుకుపోతున్నారేంటండీ?

కోనసీమ కుర్రోడు:
ఇక్కడ బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా. మాది అమలాపురం దగ్గర కాలేజీ, మొన్న ఇంటర్ కాలేజీ మ్యాచ్ మా కోర్టులోనే పెట్టారు, క్లాసులు ఎగ్గొట్టి మరీ అందరూ వచ్చేశారు, మొదటి అయిదు నిమిషాలు చెవులు చిల్లులు పడిపోయాయంటే నమ్మండి. తర్వాత మావోడు వరసగా రెండు మిస్ చేసేసరికి "అబ్బా" అని ఒకటే నిట్టూర్పు, ఇంక అక్కణ్ణుంచి చావింట్లో కూర్చున్నట్టే. ఓడిపోయాం. అదే అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళ మ్యాచ్‌లు ఫోన్లో చూస్తుంటే, ఆ కామెరాన్ స్టేడియంలో పట్టేది 9,314 మందేనంట, మా ఊరి తీర్థానికే అంతకంటే ఎక్కువొస్తారు, కానీ ఆ గోలేంటండీ బాబూ. గెలవాలని వాళ్ళకి మాత్రం ఉండదా, మరి వాళ్ళ జనం మనోళ్ళలా ఎందుకు బిగుసుకుపోరు?

లారెన్స్‌లో భీమారపోడు:
తమ్ముడూ నేను అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశా. మా ఆలెన్ ఫీల్డ్‌హౌస్ స్టేడియంలో అప్పట్లో 16,300 మంది పట్టేవాళ్ళు, 2017లో వెస్ట్ వర్జీనియా మీద ఆడినప్పుడు 130.4 డెసిబెల్స్ వచ్చిందని గిన్నిస్ వాళ్ళు రికార్డు ఇచ్చారు. అలాగని రోజూ అంతే అనుకోకు. నవంబర్లో డబ్బులిచ్చి చిన్న కాలేజీలని పిలిపించుకుంటారు, వాటి మీద 30 పాయింట్లతో గెలిచినా జనానికి అది రోజూ తినే అన్నమే, ఎవడూ కుర్చీలోంచి లేవడు. హాఫ్ టైంకి 4 పాయింట్లే లీడ్ ఉందనుకో, ఇంక సణుగుడు మొదలు. గెలుస్తూ కూడా తిట్లు తినడం అక్కడే చూశా!
డ్యూక్ సంగతి వేరు. కోర్టు పక్కన నించునేది స్టూడెంట్సే, ప్రత్యర్థి యూనివర్సిటీ నార్త్ కరోలినాతో మ్యాచ్ కోసం వారాల తరబడి చలిలో గుడారాలేసుకుని పడుంటారు. అంత కష్టపడి లోపలికొచ్చినోడు రెండు షాట్లు పోయాయని నోరు మూసుకుంటాడా? టీమ్ ఎలా ఆడినా అరవడం తన డ్యూటీ అనుకుంటాడు. మీవాళ్ళు సినిమాకొచ్చినట్టు వచ్చారు, బొమ్మ బాలేదు, నీరసపడిపోయారు.

డ్రిల్లు మాస్టారు:
పాలకొల్లు, నరసాపురం వైపు చాలా ఏళ్ళు పిల్లల్ని ఆడించాను నాయనా. ఎదుటోళ్ళు అరిస్తే కుర్రాడికి పంతం వస్తుంది, మనోళ్ళు "అయ్యో" అంటే మాత్రం మోచెయ్యి బిగుసుకుపోద్ది. ఫ్రీ త్రో 15 అడుగులు, ఎవడూ అడ్డం రాడు, అయినా బంతి రింగుకి కూడా తగలదు. షాట్ పోయినా పడినా చప్పట్లు కొట్టండ్రా అని చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

కాకినాడ కాజా:
సంక్రాంతి బరి దగ్గర చూడండి, కోడి కింద పడ్డా పందెం కాసినోడు అరుస్తూనే ఉంటాడు కదా 😂

డ్రిల్లు మాస్టారు:
కోడికి ఆ అరుపు అర్థం కాదు కాబట్టి సరిపోయింది.

కాకినాడ కాజా:
ఆయ్ 😂 సరే ఇది వినండి, ఇండియానాలో టేలర్ అని చిన్న యూనివర్సిటీ ఉంది, డిసెంబర్లో సైలెంట్ నైట్ అని ఒక మ్యాచ్ పెడతారు, అందరూ వేషాలేసుకుని వస్తారు కానీ సొంత టీమ్‌కి పదో పాయింట్ వచ్చేదాకా ఒక్కడు నోరు తెరవడు. అది పడగానే ఇంక జాతరే. 10 ఎలాగూ వస్తాయి కదా, టీమ్ మీద బరువూ ఉండదు. మీ కాలేజీలో ట్రై చెయ్యి.

కోనసీమ కుర్రోడు:
సైలెంట్ అంటే మా ప్రిన్సిపాల్ గారు వెంటనే సంతకం పెట్టేస్తారండి. పదో పాయింట్ సంగతి ముందు చెప్పనులెండి.