ఆగకుండా పోయే రైలు పక్కన గాలి: ప్లాట్‌ఫాం అంచు నుంచి ఎంత దూరంలో నిలబడాలి?

పొందూరు_పట్టాలు:
శ్రీకాకుళం రోడ్, విజయనగరం మధ్య చిన్న స్టేషన్లలో ఆగే బళ్ల కన్నా దూసుకుపోయేవే ఎక్కువ. పొందూరు, సిగడాం, చీపురుపల్లి ప్లాట్‌ఫాంల మీద తరచూ వినిపించే మాట, "రైలు లోపలికి లాగేస్తుంది" అని. ఇందులో నిజమెంత? భువనేశ్వర్–విశాఖ వందే భారత్ అంత వేగంగా పోయినా రేగని దుమ్ము, దానికన్నా నెమ్మదిగా వచ్చే గూడ్సుకు ఎందుకు రేగుతుంది? పిల్లల బండి, చక్రాల సూట్‌కేసు, తలమీద గంప ఉన్నవాళ్లకు ఎంత దూరం చెప్పాలి? "జాగ్రత్తగా ఉండండి" అంటే సరిపోదు, మీటర్లలో కావాలి.

గాలి_లెక్క:
లాగడం నిజమే, కానీ అందరూ అనుకునే తీరులో కాదు. ఇంజన్ ముందు గాలి నొక్కుకుపోతుంది. 130 కి.మీ. వేగమంటే సెకనుకు 36 మీటర్లు. ఆ వేగంలో ముక్కు మీద సరిగ్గా ఎదురుగా పడే పీడనం సుమారు 750 పాస్కళ్లు. పక్కన నిలబడ్డవాళ్లకు అందులో కొంత భాగమే తగులుతుంది. ముక్కు దగ్గరకొచ్చేటప్పుడు మనిషిని వెనక్కి నెడుతుంది, దాటగానే పీడనం పడిపోయి పట్టాల వైపు లాగుతుంది. నెట్టడం, లాగడం రెండూ అర సెకనులోపే అయిపోతాయి. ప్రమాదం ఈ మార్పులోనే ఉంది: వెనక్కి తోసిన గాలిని తట్టుకోడానికి ముందుకు వాలిన మనిషిని మరుక్షణమే అదే గాలి ముందుకు లాగుతుంది. వాప్-7 (ఒక రకం కరెంటు ఇంజన్) లాంటి బల్లపరుపు ముఖం ఉన్న ఇంజన్‌కు ఈ దెబ్బ ఎక్కువ, వందే భారత్ ముక్కు దాన్ని మెత్తబరుస్తుంది.

ఆ తర్వాత వచ్చేది రైలు వెంట పరుగెత్తే గాలి. పెట్టెల గోడలకు అంటుకున్న గాలి పొర ముందు నుంచి వెనక్కి మందమవుతూ పోతుంది. నున్నటి ప్యాసింజర్ రైలుకైతే గట్టి గాలి చివరి పెట్టె దాటాకే వస్తుంది, తోక వెనక సుడుల్లో. అందుకే "బండి వెళ్లిపోయింది" అని అంచుకు అడుగేసే క్షణమే చెడ్డది. ఆఖరి పెట్టె దాటాక మరో అయిదారు సెకన్లు ఉన్నచోటే ఉండాలి.

ఖాళీ_రేక్:
గూడ్సు సంగతి వేరు, మాస్టారూ. గాలి వేగాన్ని రైలు వేగంలో ఎన్నో వంతు అని చూడాలి. ఉదాహరణకు 130లో పోయే నున్నటి రైలు పక్కన పావు వంతు అనుకుంటే గాలి 32 కి.మీ. 75లో పోయే గూడ్సు పక్కన సగం అనుకుంటే 37 దాటుతుంది. వందే భారత్ పెట్టెల మధ్య సందులు మూసి ఉంటాయి. బాక్స్‌ఎన్ వ్యాగన్లకు (బొగ్గు లాంటివి మోసే, పైన మూత లేని వ్యాగన్లు) బయటికి పొడుచుకొచ్చిన నిలువు ఊచలు, తలుపులు, వ్యాగన్‌కీ వ్యాగన్‌కీ మధ్య ఖాళీ. ఇవన్నీ గాలిని ఈడ్చుకుపోతాయి. పైన మూత లేని ఖాళీ వ్యాగన్ మరీ చెడ్డది: గాలి లోపలికి దిగి వెనక గోడను కొట్టి సుడి తిరుగుతుంది. ఖాళీ బళ్లకూ కరెంటు ఖర్చు ఊహించినంత తగ్గకపోవడానికి ఇదొక కారణం.

అన్నిటికన్నా గట్టి గాలి కంటెయినర్ రేక్‌ది, అంటే కంటెయినర్ పెట్టెలు మోసే గూడ్సుది. పెట్టెలు వరసగా ఉంటే కొంత నయం. మధ్యలో రెండు మూడు ఫ్లాట్లు (కంటెయినర్ పెట్టే బల్లపరుపు వ్యాగన్లు) ఖాళీగా వదిలితే ప్రతి ఖాళీ తర్వాతా వచ్చే పెట్టె కొత్త ముక్కులా గాలిని కొడుతుంది. పైగా ఎంతసేపు? బాక్స్‌ఎన్ ఒక్కొక్కటి 10.7 మీటర్లు, 58 కలిపితే 620 మీటర్ల పైమాటే. 75 వేగంలో దాటడానికి అరనిమిషం. అంతసేపూ గాలి ఊగిసలాడుతూనే ఉంటుంది.

అంచు_కొలత:
ఇక మీటర్లు. మన బ్రాడ్‌గేజ్‌లో ట్రాక్ మధ్య గీత నుంచి ప్లాట్‌ఫాం అంచు 1.67 – 1.68 మీటర్లు. యూరప్ నిబంధన ప్రకారం ట్రాక్ మధ్య నుంచి 3 మీటర్ల దూరంలో, 200 కి.మీ. వేగంలో పోయే ప్యాసింజర్ రైలు రేపే గాలి సెకనుకు 15.5 మీటర్లు మించకూడదు. దాన్ని కనీసం 20 సార్లు కొలుస్తారు, ఒక్కో సెకను సగటు తీసుకుని, సగటుకు రెండు ప్రామాణిక విచలనాలు (కొలతలు సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే అంకె) కలిపి చూస్తారు, ఎందుకంటే మనిషిని పడగొట్టేది సగటు గాలి కాదు, ఒక్క విసురు. 15.5 అంటే నిలబడ్డ పెద్దమనిషి మీద సుమారు 9 కిలోల తోపు. గాలి రెట్టింపైతే తోపు నాలుగింతలు. రైలు వేగం 110 నుంచి 130కి పెరిగితేనే 40 శాతం పెరుగుతుంది.

ఆ 3 మీటర్లు మన ప్లాట్‌ఫాం మీద అంచు నుంచి 1.3 మీటర్లు. కాబట్టి పెద్దవాళ్లకు కనీసం ఒకటిన్నర మీటరు చెప్పండి. పసుపు గీత అంతకన్నా దగ్గరగా ఉంటే ఆగని బండికి గీతను నమ్ముకోవద్దు. పిల్లలు, గంపలవాళ్లు, చక్రాల సామాను ఉన్నవాళ్లు పిల్లర్ల వరుసకు వెళ్లిపోవాలి. మన కొలతల నియమాల్లో పిల్లర్ ట్రాక్ మధ్య నుంచి కనీసం 4.72 మీటర్లు, అంటే అంచు నుంచి 3 మీటర్లు. చూపించడానికి అంతకన్నా తేలిక గుర్తు లేదు.

పిల్లల బండికి బ్రేకు వేసి, చక్రాలు పట్టాలకు సమాంతరంగా తిప్పి, చెయ్యి వదలకూడదు. నాలుగు వైపులా తిరిగే చక్రాల సూట్‌కేసును నిలబెట్టొద్దు, పడుకోబెట్టండి. పలాసలో జీడిపప్పు, మరమరాలు అమ్మేవాళ్లకు గంప కిందికి దించమని చెప్పాలి, తలమీద ఉంటే తోపు ఎత్తున పడి మనిషి తూలుతాడు. పైన కప్పిన పాలిథిన్ కట్టి ఉండాలి. ఎగిరిన కవర్ కోసం చెయ్యి చాచడమే అసలు ముప్పు.

ఇంకొకటి: గాలి నేలకు దగ్గరగా ఉన్నకొద్దీ బలంగా ఉంటుంది, పెట్టెల కింది చక్రాల చట్రాల చుట్టూ రేగేది అక్కడే. ఎత్తు ప్లాట్‌ఫాం దాన్ని చాలావరకు అడ్డుకుంటుంది, పల్లపు ప్లాట్‌ఫాం అడ్డుకోలేదు. అలాంటి చోట చిన్నపిల్లలకు ఎక్కువ దూరం ఇవ్వండి.

పొందూరు_పట్టాలు:
రెండు లైన్ల మధ్య ప్లాట్‌ఫాం మీద, అదీ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్ల పక్క ఇరుకులో ఉంటే? అక్కడ ఒకటిన్నర మీటరే దొరకదు.

గాలి_లెక్క:
అక్కడ అసలు నిలబడకూడదు. మెట్ల గోడకూ రైలుకూ మధ్య గాలికి పక్కకు తప్పుకునే దారి ఉండదు, ఆ సందులో విసురు పెరుగుతుంది. రెండు వైపులా ఒకేసారి బళ్లు వస్తే ఎదురెదురు దిశల తోపులు కలుస్తాయి. మెట్ల కింద నుంచి బయటికొచ్చి వెడల్పు ఉన్నచోట, ప్లాట్‌ఫాం నడుమ నిలబడమనండి. చోటు లేకపోతే మెట్లెక్కి నాలుగు మెట్లు పైన ఆగి, రెండు బళ్లూ పోయాకే దిగమనండి.