వాస్కోలోని ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రంలో చేరడమంటే అంటార్కిటికాకు వెళ్లడమేనా?

పెదవాల్తేరు వాసి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రంలో ప్రాజెక్టు చేసి, వీలైతే అక్కడే పీహెచ్‌డీకి చేరాలని పట్టుదలగా ఉంది. ఆ సంస్థ శాఖ మన విశాఖలోని లాసన్స్ బే కాలనీలోనే ఉందని ఎవరో చెబితే పోయిన వారం నేనే వెళ్లాను. గేటు దగ్గర కాపలా ఉన్నాయన నా మాటంతా ఓపిగ్గా విని, “అది వేరు, ఇది వేరండీ” అని చెప్పి పంపించారు. ఇంట్లో మా ఆవిడ బెంగ మరొకటి: అక్కడ చేరితే ఆడపిల్లను ఆ మంచుఖండానికి పంపేస్తారనీ, ఏడాది దాకా కళ్లతో చూసుకోలేమనీ. ఆ సంస్థలో రోజూ జరిగే పని ఏమిటో, అందరూ అంటార్కిటికాకు వెళ్లవలసిందేనా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

పాత విద్యార్థి, ఎంవీపీ కాలనీ:

మీకు కలిగిన తికమక చాలామందికి కలిగేదే. గోవాలో సముద్రానికి సంబంధించిన జాతీయ సంస్థలు రెండున్నాయి. దోనాపౌలాలో ఉన్నది 1966లో ఏర్పడిన జాతీయ సముద్రశాస్త్ర సంస్థ, అది కేంద్రపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) కింద పనిచేస్తుంది. మీరు వెళ్లివచ్చిన లాసన్స్ బే కార్యాలయం దాని ప్రాంతీయ కేంద్రం. మీ అమ్మాయి చెబుతున్నది 1998లో మొదలై, ఇప్పుడు కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద ఉన్న సంస్థ. వాస్కోలో మార్ముగోవా రేవుకు ఎగువన, హెడ్‌ల్యాండ్ సడా గుట్ట మీద ఉంటుంది. మొదట దాని పేరులో సముద్రంతో పాటు అంటార్కిటికా మాత్రమే ఉండేది. తరవాత ఆర్కిటిక్‌లో హిమాద్రి (2008), హిమాలయాల్లోని స్పితి లోయలో హిమాంశ్ (2016) అనే పరిశోధన స్థావరాలు వచ్చాయి. పేరులో కూడా అంటార్కిటికా స్థానంలో ‘ధ్రువ’ అన్న మాట చేరింది.

ఆడపిల్ల అన్న బెంగ గురించి ఒక మాట. 1983–84లో వెళ్లిన మూడవ భారత యాత్రలోనే అదితి పంత్, సుదీప్తా సేన్‌గుప్తా అంటార్కిటికాలో అడుగుపెట్టారు. ఇస్రో తరఫున వెళ్లిన మంగళా మణి గారు 56 ఏళ్ల వయసులో అక్కడి మన భారతి స్థావరంలో 403 రోజులు గడిపి వచ్చారు. మీ ఆవిడగారికి ఈ సంగతి చెప్పి చూడండి, ధైర్యం వస్తుందో బెంగ రెట్టింపవుతుందో మాత్రం నేను హామీ ఇవ్వలేను.

వాస్కోలో నాలుగేళ్లు:

నేను అక్కడ పరిశోధక విద్యార్థిగా ఉన్నాను. ఆ నాలుగేళ్లలో అంటార్కిటికా ముఖం చూడలేదు, చూడమని నన్నెవరూ బలవంతపెట్టనూ లేదు. యాత్రకు వెళ్లాలంటే ముందు పరిశోధన ప్రతిపాదన ఆమోదం పొందాలి, ఆ తరవాత కఠినమైన వైద్యపరీక్షలు నెగ్గాలి, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు మీద శిక్షణ పొందాలి. వెళ్లినవారిలో ఎక్కువమంది నవంబరు నుంచి మార్చి వరకు సాగే అక్కడి వేసవిలో పని ముగించుకుని తిరిగివస్తారు. అక్కడి మన స్థావరాలైన మైత్రిలో గానీ భారతిలో గానీ చలికాలమంతా ఉండిపోయేవారు కొద్దిమందే, అందులోనూ వైద్యులు, వంటవారు, జనరేటర్లు చూసే మెకానిక్కులు గణనీయంగా ఉంటారు.

రోజువారీ పని అంటారా, నా పని బురదతో. సముద్రపు అడుగున పొడవాటి గొట్టం దించి పైకి తీసిన బురదను సెంటీమీటరు లెక్కన కోసి, సన్నని జల్లెడలో కడిగి ఆరబెడితే మిగిలేది ఇసుకలాంటి పొడి. అందులో ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలు ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద తడి కుంచె మొనతో ఒక్కొక్క గుల్లనూ, మా అమ్మమ్మ చేటలో బియ్యంలోంచి రాళ్లేరినంత శ్రద్ధగా ఏరాలి. ఆ గుల్లల్లోని ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల) నిష్పత్తిని బట్టి వేల ఏళ్ల కిందటి సముద్రపు వేడిమినీ, రుతుపవనాల తీరునూ అంచనా కడతారు. మా పక్కవారిది మంచు పని. సున్నాకు దిగువన 20 డిగ్రీల గదిలో, బాగా మందమైన కోటు వేసుకుని, అంటార్కిటికా నుంచి తెచ్చిన మంచు దిమ్మెలను రంపంతో కోసేవారు. డ్రిల్లు తాకిన పైపొరను తీసేసి, కలుషితం కాని లోపలి భాగాన్నే పరీక్షకు వాడేవారు. పెన్నులో సిరా కదలదు కాబట్టి అక్కడ రాసేదంతా పెన్సిలుతోనే.

సముద్రం మీదికి మాత్రం వెళ్లవలసి రావచ్చు. 1983లో జర్మనీలో తయారైన సాగర్ కన్య అనే పరిశోధన నౌకను నడిపేది ఈ సంస్థే. ఓడ ఎక్కిన మొదటి మూడు రోజులు నాకు మజ్జిగన్నం కూడా కడుపులో నిలవలేదు. తీరం వెంబడి వనరుల మీద మన దేశానికి హక్కున్న సముద్ర ప్రాంతం (ఎక్స్‌క్లూజివ్ ఎకనామిక్ జోన్) 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. దాని అడుగును ధ్వని తరంగాలతో కొలిచి పటాలు గీసే పని కూడా వీరిదే. కాబట్టి ధ్రువాల పేరు విని జంకవలసిన పని లేదు.

ద్వారకానగర్ సభ్యుడు:

పై వివరాలతో నాకు పేచీ లేదు. అయితే తండ్రిగా మీరు అడగవలసిన ప్రశ్న అంటార్కిటికా గురించి కాదని నా అభిప్రాయం. ప్రాజెక్టు పోస్టు ప్రాజెక్టు ఉన్నంత కాలమే. శాశ్వత శాస్త్రవేత్త ఉద్యోగం వేరే ప్రకటన, వేరే ఎంపిక. అమ్మాయి ముందుగా నెట్ గానీ గేట్ గానీ రాసి ఫెలోషిప్ చేతిలో పెట్టుకుంటే, వాస్కో కుదరకపోయినా హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్, చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ వంటి చోట్ల ప్రయత్నించవచ్చు. మా బంధువుల అబ్బాయి ఒకడు ప్రాజెక్టు పొడిగింపు కోసం ఎదురుచూస్తూ రెండేళ్లు పోగొట్టుకున్నాడు, అందుకే ఇంత చెబుతున్నాను.

పాత విద్యార్థి, ఎంవీపీ కాలనీ:

ద్వారకానగర్ సభ్యుడి మాట నిజమే. ఒక చిన్న చేర్పు: ఇక్కడ చదివిన చదువుకూ ధ్రువాలకూ సంబంధం ఏమిటని ఇంటర్వ్యూలో తప్పక అడుగుతారు. బంగాళాఖాతం అట్టడుగున ఉన్న చల్లని నీరు దక్షిణాన అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రం నుంచి పాకుతూ వచ్చినదే. ఆర్కే బీచ్‌లో కూర్చుంటే కనబడే నీటి అడుగు కథ అక్కడే మొదలవుతుంది కనుక, అమ్మాయిని జవాబు అక్కడి నుంచే మొదలుపెట్టమనండి.

పెదవాల్తేరు వాసి:

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. 403 రోజుల సంగతి దగ్గర కాసేపు మాట్లాడలేదు. తరవాత, మన ఊరి మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ వాస్కో దాకా పోతుందా అని అడిగింది. పోతుందని చెప్పాను. అమ్మాయి గేట్ పుస్తకాలు ముందు వేసుకుని కూర్చుంది.