ఆరేళ్లు ఫండ్ అకౌంటింగ్ చేశాక మళ్లీ చదువు: ఎంబీఏనా, సీఎఫ్ఏనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. బీకాం అయ్యాక హైదరాబాద్ వచ్చి ఆరేళ్లుగా ఒక విదేశీ సంస్థ ఆఫీసులో ఫండ్ అకౌంటింగ్ చేస్తున్నాను. రోజూ ఫండ్ల ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) కట్టడం, కస్టోడియన్ (ఫండ్ ఆస్తులను భద్రపరిచే సంస్థ) లెక్కతో మా లెక్క సరిచూడటం, తేడా వస్తే అది ఎక్కడుందో వెతికి పట్టుకోవడం. పనిలో మంచి పేరే ఉంది. కానీ రెండేళ్లుగా ఉన్నచోటే ఉన్నాను. పైన టీమ్ లీడ్ సీటు ఖాళీ అయితే తప్ప కదలిక లేదు. నాకేమో షేర్ల విశ్లేషణ, రీసెర్చ్ వైపు వెళ్లాలని ఉంది.

వయసు 29. పాపకు మూడేళ్లు. మావారు "నువ్వు చదువుకో, ఇల్లు నేను చూసుకుంటా" అన్నారు. అత్తయ్యగారు మాత్రం "ఇప్పుడు చదువేంటమ్మా" అంటున్నారు. చేతిలో 8 లక్షలు ఉన్నాయి. ఉద్యోగం మానేసి ఏడాది ఎంబీఏ చేయనా, ఉద్యోగంలో ఉంటూనే సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషణకు సంబంధించిన అంతర్జాతీయ పరీక్ష) రాయనా, అమెరికాలో ఎంఎస్‌కి ప్రయత్నించనా? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

జవాబు (ఈక్విటీ రీసెర్చ్, ముంబయి)

చెల్లీ, నేనూ రికన్సిలియేషన్ (మీలాగే లెక్కలు సరిచూసే పని) నుంచే ఇటు వచ్చాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

కోర్సు సంగతి తర్వాత. మీరు కూర్చోవాలనుకుంటున్న సీటు ఏదో ముందు తేల్చుకోండి. మీ కంపెనీ లోపలి ఖాళీల పేజీ తెరిచి, మీకు నచ్చిన పది ఉద్యోగాల్లో అర్హత అన్నచోట ఏం రాశారో ఒక కాగితం మీద రాసుకోండి. రీసెర్చ్‌కైతే సీఎఫ్ఏ ఎక్కువగా కనిపిస్తుంది. రిస్క్ విభాగానికి ఎఫ్ఆర్ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్ పరీక్ష) అడుగుతారు. కార్పొరేట్ ఫైనాన్స్, బడ్జెట్ల వైపు సీఏ, ఎంబీఏలు ముందుంటాయి. అన్నింటినీ ఫైనాన్స్ అనే అంటాం గానీ దేని తలుపు దానిదే.

సీఎఫ్ఏ మూడు లెవెల్స్. లెవెల్ 1లో రెండు సెషన్లు, ఒక్కోటి 2 గంటల 15 నిమిషాలు, మొత్తం 180 ప్రశ్నలు. ఒక్కో లెవెల్‌కి 300 గంటలు చదవాలని ఆ సంస్థే చెబుతుంది. వారానికి 12 గంటల చొప్పున వేసుకుంటే ఆరు నెలలు దాటదు. అన్నీ పాసయ్యాక కూడా చార్టర్ (సీఎఫ్ఏ పట్టా) చేతికి రావాలంటే 36 నెలలకు తక్కువ కాకుండా 4,000 గంటల అనుభవం చూపాలి. ఆ పని పెట్టుబడి నిర్ణయాలకు తోడ్పడేదై ఉండాలి. మీ ఆరేళ్ల పని అందులోకి వస్తుందో రాదో ముందే చూసుకోండి.

పరీక్ష పాసయినంత మాత్రాన రీసెర్చ్ ఉద్యోగం రాదు. చేతిలో మీరు కట్టిన మోడల్ (ఒక కంపెనీ లెక్కలను అంచనా వేసే ఎక్సెల్ షీటు) ఒకటి ఉండాలి. మీకు తెలిసిన వ్యాపారం తీసుకోండి. నేను రొయ్యల మేత కంపెనీని తీసుకున్నాను, మా ఊళ్లో చెరువులున్నాయి కాబట్టి. ఐదేళ్ల వార్షిక నివేదికలు చదివి లాభనష్టాలు, ఆస్తి అప్పులు, నగదు ప్రవాహం మూడూ ఒకదానికొకటి ముడిపడేలా ఎక్సెల్‌లో కట్టాను. మొదటి ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన ఏమీ అడగలేదు. నా షీటు తెరిచి, మేతలో వాడే సోయా పిండి ధర ఉన్న గడిలో అంకెను 10 శాతం పెంచాడు. కింద లాభం గడి కదల్లేదు. మధ్యలో ఒకచోట ఫార్ములా పెట్టాల్సింది పోయి అంకె కొట్టి వదిలేశాను. ఆ ఉద్యోగం రాలేదు. ఆ రాత్రే కూర్చుని ప్రతి గడీ నొక్కి చూశాను. నాలుగు నెలల తర్వాత అదే షీటుతో వేరేచోట ఉద్యోగం వచ్చింది.

ఇంకోమాట. తేడా వస్తే దాని మూలం దాకా వెళ్లే అలవాటు మీకు ఉందే, అది ఈ పనికి ప్రాణం. ఆరేళ్లు వృథా అయ్యాయని మాత్రం అనుకోకండి.

జవాబు (32వ ఏట ఏడాది ఎంబీఏ చేసినావిడ, హైదరాబాద్)

ఐఎస్‌బీ, పాత ఐఐఎంల ఏడాది కోర్సులు మంచివే. నాకు మేలే జరిగింది. కానీ లెక్క పూర్తిగా వేసుకోండి. ఇలాంటి కోర్సుకి 40 లక్షలు అప్పు తీసుకున్నారనుకోండి. 10 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 52,900 కట్టాలి. దీనికి ఆ ఏడాది పోయే జీతం కూడా కలపండి. నెలకు 70 వేలు అనుకుంటే 8.4 లక్షలు.

ఆ డబ్బుకి మనం కొనేది ప్రధానంగా క్యాంపస్ ప్లేస్‌మెంట్, పరిచయాలు. కాబట్టి సగటు జీతం అంకె చూసి మురిసిపోవద్దు. మీలా ఆపరేషన్స్ (ఫండ్ లెక్కల లాంటి పనులు) నుంచి వెళ్లినవాళ్లలో ఎంతమందికి ఫైనాన్స్ ఉద్యోగం వచ్చిందో పూర్వ విద్యార్థులకు ఫోన్ చేసి అడగండి. మొహమాటపడకండి, అడిగితే చెబుతారు. కన్సల్టింగ్‌కి, మేనేజర్ స్థాయి మార్పుకి ఈ చదువు బాగా పనికొస్తుంది. కేవలం రీసెర్చ్ కోసమే అయితే నేను ఇంత అప్పు చేయమని చెప్పను.

పాప గురించి కూడా చెప్పాలి. మా బాబుకి అప్పుడు నాలుగేళ్లు. అసైన్‌మెంట్లు, గ్రూపు మీటింగులు అర్ధరాత్రి దాకా సాగేవి. వాడు నిద్రపోయాక ఇంటికొచ్చి, లేవకముందే వెళ్లిపోయిన రోజులు చాలా ఉన్నాయి. మీవారు అండగా ఉంటానన్నారంటే అది చాలా పెద్ద బలం. అయినా మీ అత్తయ్యగారితో కూర్చుని ఏ పని ఎవరు చూస్తారో నోటితో మాట్లాడుకోండి. నేను అది చేయక ఇద్దరం బాధపడ్డాం.

జవాబు (బ్యాంకు ఉద్యోగి, విజయవాడ)

అప్పు గురించి రెండు ముక్కలు. పేరున్న సంస్థల్లో సీటు వస్తే చాలా బ్యాంకులు తాకట్టు లేకుండానే పెద్ద మొత్తం ఇస్తాయి. చదువు కాలం, ఆపైన సాధారణంగా ఏడాది వరకు వాయిదాలు కట్టక్కర్లేదు. కట్టకపోయినా వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుందమ్మా. వీలైతే చదువుతున్నప్పుడే ఆ వడ్డీ కట్టుకుంటూ రండి. విద్యారుణం వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు పన్ను మినహాయింపు ఉంది, కానీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే.

ఇంట్లో నుంచే ఆన్‌లైన్ ఎంబీఏ అని ఫోన్లు వస్తుంటాయి. ఫీజు కట్టేముందు ఆ కోర్సుకి యూజీసీ అనుమతి ఉందో లేదో యూజీసీ వెబ్‌సైట్లోనే చూసుకోండి. ఫోన్ చేసినవాళ్లు పంపే పీడీఎఫ్‌ని నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మా బ్రాంచికి వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నారు.

జవాబు (డల్లాస్)

ఇక్కడ కొన్ని యూనివర్సిటీలు మూడేళ్ల బీకాంని తీసుకోవు. అది ముందు కనుక్కోండి. ఇంకోటి, మామూలు ఫైనాన్స్ ఎంఎస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సుల) జాబితాలో లేకపోతే చదువు తర్వాత పనికి 12 నెలలే అనుమతి. స్టెమ్ కిందకొచ్చే ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్ లాంటివాటికి ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. కోర్సు పేరు కాదు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఉండే కోర్సు కోడ్ ముఖ్యం. మూడేళ్ల పాపతో, 8 లక్షలతో అయితే మాత్రం ఇప్పుడు బయల్దేరమని నేననను.

ప్రశ్న అడిగినవారు

అన్నయ్యా, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి పది ఉద్యోగాలు రాసుకున్నాను. ఆరింటిలో సీఎఫ్ఏ ఉంది. అది కూడా "చదువుతున్నా చాలు" అని మూడింటిలో ఉంది. ఎంబీఏ తప్పనిసరి అన్నది ఒక్కటే. అత్తయ్యగారికి ఆ కాగితం చూపించి, ఉద్యోగం మానను, ఉదయం 5 నుంచి 7 దాకా చదువుకుంటానని చెప్పాను. "ఆ టైములో పాల కుక్కర్ నేను చూసుకుంటాలే" అన్నారు.

లెవెల్ 1 రాద్దామని నిర్ణయించుకున్నాను. ఒక్క సందేహం. డిగ్రీలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. మావారి ఇంటిపేరుకి మార్చుకుందామనుకుంటున్నాం. ఏ పేరుతో నమోదు చేసుకోను?

జవాబు (ఈక్విటీ రీసెర్చ్, ముంబయి)

పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా. డిగ్రీలో పొట్టిగా ఉన్నా ఫర్వాలేదు, పరీక్ష హాలు గుమ్మం దగ్గర చూసేది గుర్తింపు కార్డునే. పేరు మార్చుకోవాలంటే అది పూర్తయి కొత్త పాస్‌పోర్టు వచ్చాకే నమోదు చేసుకోండి. లేదంటే పరీక్ష అయ్యేదాకా మార్పు జోలికి వెళ్లకండి.

ఫీజు కట్టకముందే మీ హెచ్‌ఆర్‌ని కూడా అడగండి. పాసైతే ఫీజు తిరిగిచ్చే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది. కొన్నిచోట్ల ముందస్తు అనుమతి లేకపోతే ఇవ్వరు. ఫీజు తీసుకున్నాక ఫలానా గడువులోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో, అదీ చదివి సంతకం పెట్టండి.

మోడల్‌కి కంపెనీ ఏదో అనుకున్నాక ఇక్కడ రాయండి, మీ షీటు నేను చూస్తాను.