ఓట్స్ బీరు వడకట్టు దిగడంలేదు, వరి ఊక ఎంత కలపాలి?

అన్నలూ, అక్కలూ, మాది నెల్లూరు పక్కన కోవూరు. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ సొంతానికి ఇంట్లో బీరు కాచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. వాడు చేసేది నాలుగు లీటర్లే.

ఈసారి 800 గ్రాముల బార్లీ మాల్టుకి (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) 250 గ్రాముల రోల్డ్ ఓట్స్ (అటుకుల్లా నొక్కినవి) కలిపి, 67 డిగ్రీల నీళ్ళలో గంటసేపు ఉంచాడు. వడకడదామంటే జావలా ముద్దకట్టి చుక్క దిగలేదు. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ జిగురే కారణమంట. పైగా బార్లీకున్నట్టు రోల్డ్ ఓట్స్‌కి పొట్టు ఉండదు, రసం దిగడానికి సందు దొరకదు.

వరి ఊక కలిపితే దిగుతుందని ఎవరో చెప్పారంట. ఊక మాటొచ్చేసరికి మాకు ఫోన్ చేశాడు, నాన్న ముప్పై ఏళ్ళు రైసుమిల్లులో చేశారు మరి. కానీ మాకు తెలిసింది పొయ్యిలోకి, ఇటుక బట్టీలకి వేసే ఊకే.

కిలో గింజలకి ఊక ఎంత వెయ్యాలి? 50 గ్రాములు చాలా? చన్నీళ్ళలో కడిగితే సరిపోతుందా, ఉడికించాలా? తవుడు అంటుకుని ఉంటే ఆ నూనెకి నురగ నిలవదేమోనని నా భయం. ముందు 45 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచితే జిగురు విరుగుతుందా?

ఓట్స్ తగ్గించమని మాత్రం చెప్పొద్దు, ఆ మెత్తదనం కోసమే వాడి తపనంతా. చేసి చూసినవాళ్ళు చెప్పండి, శనివారం మళ్ళీ పెడుతున్నాడు.