హైతీలో పేద విద్యార్థులకు సోలార్ పని: ముందు ప్యానెల్ బిగింపా, బ్యాటరీ రిపేరా?

లగ్గు_క్రింపు:
హైతీలో చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలకు మూడు నెలల సోలార్ కోర్సు పెట్టాలంటే మన సూర్యమిత్ర (కేంద్ర ప్రభుత్వ సోలార్ టెక్నీషియన్ శిక్షణ) సిలబస్‌నే కాస్త సవరించి వాడేయొచ్చని ఒక వాదన ఉంది. నేను ఒప్పుకోను. 2010 భూకంపం తర్వాత అక్కడి బడులకూ క్లినిక్కులకూ దాతలు ఇచ్చిన ప్యానెళ్లు బోలెడు. ముందు పాడయ్యేది ప్యానెల్ కాదు, కింద గదిలోని బ్యాటరీ. కోర్సు గంటల్లో సగం బ్యాటరీ, ఇన్వర్టర్ రిపేరుకే ఇవ్వాలి.

ఓమ్_నియమం:
రిపేరు అంత తేలికా అండీ? ఓల్టేజీ డ్రాప్ లెక్క రాని కుర్రాడు తప్పు భాగాన్నే మారుస్తాడు. 12 ఓల్టుల లైను, 20 ఆంపియర్లు, బ్యాటరీ నుంచి 10 మీటర్ల దూరం, 4 చ.మి.మీ. రాగి తీగ అనుకోండి. రానూ పోనూ 20 మీటర్లు, సుమారు 0.09 ఓమ్. అంటే 1.8 ఓల్టులు తీగలోనే పోతాయి. అవతల ఇన్వర్టర్‌కి 10.2 మిగిలి, లో-బ్యాటరీ అని కూస్తుంది. బాగున్న బ్యాటరీని తీసి పారేస్తారు. 16 చ.మి.మీ. తీగ వేస్తే నష్టం అర ఓల్టు లోపే. ఈ లెక్క వచ్చేదాకా స్పానర్ ముట్టనివ్వకూడదు. పైగా కొత్తగా చేరినవాడికి కూలి దొరికేది బిగింపు పనిలోనే.

లగ్గు_క్రింపు:
లెక్క వద్దనడం లేదండీ, దాన్ని పాడైన సిస్టమ్ మీదే నేర్పమంటున్నాను. 6 ఓల్టుల బ్యాటరీలు నాలుగు సిరీస్‌లో కట్టి 24 ఓల్టుల బెంచి పెట్టండి. ఫుల్ ఛార్జ్ చేసి, కొన్ని గంటలు కదపకుండా వదిలి, 12 సెల్లులకూ హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచే పరికరం) పెట్టించాలి. 1.265 దగ్గర ఉంటే నిండినట్టు. ఒక సెల్లు మిగతావాటికన్నా 0.050 తక్కువ చూపిస్తే ఈక్వలైజ్ ఛార్జింగ్ (సెల్లులన్నీ సమానమయ్యేలా కావాలనే కాస్త ఎక్కువ ఓల్టేజీతో చేసేది) పెట్టి గంటకోసారి రీడింగు రాయించాలి. అప్పటికీ లేవకపోతే ఆ బ్యాటరీ పోయినట్టే. అలాగని పాత బ్యాంకులో (కలిపి కట్టిన బ్యాటరీల సెట్టులో) కొత్తది ఒక్కటే కలిపితే అదీ పాతవాటితోపాటే పోతుంది. దాతలకు ముందే చెప్పాల్సింది ఇది, మారిస్తే సెట్టంతా మార్చాలి.

డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగ్ అయ్యాకే పోయాలి, ముందే నింపితే యాసిడ్ పొంగి బయటికొస్తుంది. లోపలి ప్లేట్లు యాసిడ్ పైకి బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయాలి. మట్టం తగ్గిందని యాసిడ్ పోసే మహానుభావులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు లెండి. ఇక వేడి సంగతి. 25 డిగ్రీలకు పెట్టిన ఛార్జింగ్ ఓల్టేజీని గది 35 డిగ్రీలుంటే 12 ఓల్టుల బ్యాటరీకి 0.3 ఓల్టు తగ్గించాలి. కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) వేడి సెన్సర్‌ను బ్యాటరీకి అంటించకుండా వేలాడదీస్తే ఆ సవరణ సరిగా జరగదు, నీళ్లు త్వరగా ఆవిరైపోతాయి.

కరీంనగర్_ఎండ:
సిలబస్ మీద నా మాట కూడా. హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్ అక్షాంశం దాదాపు మన కరీంనగర్‌దే, 18.5 డిగ్రీలు. దక్షిణానికి తిప్పి 15-18 డిగ్రీల వాలు ఇవ్వడం వరకూ మన పాఠం పనికొస్తుంది. ఆ తర్వాత పనికిరాదు. మన దగ్గర రూఫ్‌టాప్ అంటే ఎక్కువగా గ్రిడ్‌కి కట్టేదే. కరెంటు పోతే ఆ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. గంటల తరబడి కరెంటు ఉండని ఊళ్లో దాన్ని నేర్పి ఏం లాభం? పైగా అక్కడ 110 ఓల్టులు, 60 హెర్ట్జ్. మన 230 ఓల్టుల డెమో బోర్డులు పంపిస్తే మూలన పడతాయి.

బిగింపులో తరచూ జరిగే తప్పు ఒకటుంది. 60 సెల్లుల ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ ఓల్టేజీ (దేనికీ కట్టనప్పుడు చూపించేది) దాదాపు 38. మూడు సిరీస్‌లో కడితే 114. కంట్రోలర్ పరిమితి 100 అయితే కనెక్ట్ చేసిన క్షణమే పోతుంది. రెండే కట్టాలి.

బీఎంఎస్:
అన్నా, హైడ్రోమీటర్ కాలం పోతోంది. కొత్తగా పెడుతున్నవి ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 12 ఓల్టుల ప్యాక్ చాలాసేపు 13.2 దగ్గరే నిలబడుతుంది, మల్టీమీటర్ పెట్టి ఛార్జ్ ఎంతుందో చెప్పలేం. లోపలి రక్షణ బోర్డు (బీఎంఎస్) కరెంటు కట్ చేస్తే మీటర్ సున్నా చూపిస్తుంది, చచ్చిందనుకుని పారేస్తారు. దాన్ని ఛార్జర్‌తో లేపడం నేర్పండి.

లగ్గు_క్రింపు:
నిజమే తమ్ముడూ, వారం ఇవ్వొచ్చు. కానీ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాంకులు రేపటికల్లా మాయమవ్వవు కదా.

పాఠం_పలక:
మీరంతా వదిలేసిన సంగతి ఒకటుంది. పాఠం క్రియోల్‌లో చెప్పాలి. 1987 రాజ్యాంగం ఫ్రెంచ్, క్రియోల్ రెండింటినీ అధికార భాషలు చేసింది గానీ ఇంట్లో అందరూ మాట్లాడేది క్రియోలే. ఫ్రెంచ్ మాన్యువల్ చేతికిస్తే బడి మానేసిన పిల్లవాడు రెండోసారి మానేస్తాడు.

సర్టిఫికెట్‌తో పాటు పనిముట్లూ ఇవ్వాలి: డీసీ కరెంటు కూడా కొలిచే క్లాంప్ మీటర్ (చౌకవాటిలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి), హైడ్రోమీటర్, ఎంసీ4 క్రింపర్ (ప్యానెల్ తీగలకు కనెక్టర్లు నొక్కి బిగించేది), పిడికి టేపు చుట్టిన స్పానర్లు, కళ్లద్దాలు, ఒక డబ్బా తినే సోడా (యాసిడ్ చిందితే చల్లడానికి). ఇవి లేకపోతే ఓమ్ గారి లెక్కా లగ్గు గారి రిపేరూ రెండూ కాగితం మీదే.

ఓమ్_నియమం:
పనిముట్ల జాబితా బాగుంది, డీసీ ఫ్యూజులు కూడా చేర్చండి. ఏసీ బ్రేకర్‌ను ప్యానెళ్ల వైపు వాడితే ఆర్క్ (తెగిన చోట గాలిలో మండే నిప్పు) ఆరదు, పెట్టె కాలిపోతుంది. రిపేరుకు సగం గంటలన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. మొదటి నెల తీగా ఫ్యూజూ లెక్కలకే ఇవ్వండి, మిగతా రెండు నెలలు మీ బెంచి మీద ఏం చేసుకున్నా సరే.