ఫ్లోరెన్స్‌లో చవక భోజనం: నిలబడి తినడమా, కూర్చుని తినడమా?

గోదావరి గట్టు:
అక్టోబరులో మేము నలుగురం, అంటే నేను, మా శ్రీమతి, మా అత్తగారు, ఇంటర్ చదివే మా అబ్బాయి, ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్తున్నాము. బసకు, మ్యూజియం టిక్కెట్లకు పెట్టవలసింది ముందే పెట్టేశాము కనుక ఇక చెయ్యి బిగించగలిగేది తిండి దగ్గరే. తలకు రోజుకు 25 యూరోలు దాటకూడదని అనుకుంటున్నాము. వెళ్లివచ్చినవారిని అడిగితే ఒకదానితో ఒకటి పొసగని రెండు సలహాలు వచ్చాయి. ఆ ఊళ్లో కుర్చీలో కూర్చున్నంత మాత్రాన బిల్లు పెరుగుతుంది, కౌంటరు దగ్గర రొట్టె కొనుక్కుని నిలబడి తినెయ్యండి అన్నారు కొందరు. రొట్టెముక్కతో కడుపు నిండదు, గంట తిరక్కుండానే మళ్లీ కొనవలసి వస్తుంది, పాతకాలపు భోజనశాలలో కుదురుగా కూర్చుని తినడమే చవక అన్నారు మరికొందరు. మా అత్తగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి, అబ్బాయి ఏది పెట్టినా తింటాడు. ఏది మేలో కారణాలతో సహా చెప్పగలరు.

సంచారి:
నా ఓటు నిలబడి తినడానికే. ఫ్లోరెన్స్‌లో బల్ల దగ్గర కూర్చోగానే కొపెర్తో అనే పేరుతో తలకు ఇంత అని బిల్లులో చేరుతుంది. చాలాచోట్ల అది రెండు యూరోలకు అటూ ఇటూ ఉంటుంది, అడగకపోయినా బుట్టలో తెచ్చిపెట్టే రొట్టె అందులో కలిసే వస్తుంది. మంచినీళ్లు అడిగితే సాధారణంగా సీసా తెస్తారు, దానికి మరో రెండు మూడు. నలుగురు కూర్చుంటే మెనూ తెరవకముందే పది యూరోల పైచిలుకు అయిపోయిందన్నమాట.

కాఫీ సంగతీ అంతే. కౌంటరు దగ్గర నిలబడి తాగే ఎస్ప్రెస్సో మామూలు చోట్ల ఒకటిన్నర యూరో దాటదు. అదే కాఫీని పెద్ద కూడలికి ఎదురుగా వేసిన కుర్చీలో కూర్చుని తెప్పించుకుంటే మూడు నాలుగు రెట్లు పడుతుంది. ఇందులో మోసమేమీ లేదు, ఎందుకంటే ధరలు కనిపించేలా రాసి పెట్టడం అక్కడ తప్పనిసరి. 2022లో ఫ్లోరెన్స్‌లోనే ఒక కాఫీ అంగడిలో డీకాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీకి రెండు యూరోలు తీసుకున్నారని ఒకాయన పోలీసులను పిలిస్తే, ధర ఎక్కువైనందుకు కాదు, ఆ ధరను రాసి పెట్టనందుకు ఆ అంగడికి 1,000 యూరోల జరిమానా పడింది.

ఇక తినడానికి స్కియచ్చాతా ఉంది. ఆలివ్ నూనె, ఉప్పు పట్టించి కాల్చిన పలచటి రొట్టెను అడ్డంగా చీల్చి, మధ్యలో మాంసమో జున్నో కూరగాయలో పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు. ఏడు నుంచి పది యూరోల లోపు వచ్చేది ఇద్దరు ఆడవాళ్లకు సరిపోతుంది. వియా దెయ్ నేరి వీధిలో ఆంతికో వినాయో అనే స్కియచ్చాతా అంగడి ముందు ఉండే వరుసను చూసి భయపడకండి, త్వరగానే కదులుతుంది. దాహానికి పియాజ్జా దెల్లా సిన్యోరియా అనే కూడలిలో ఊరి నీటి సరఫరా వారి కుళాయి ఉంది, మామూలు నీళ్లూ గ్యాసు నీళ్లూ రెండూ ఉచితమే.

అర్నో ఒడ్డు:
నేను ఇక్కడే ఉండి చదువుకుంటున్నాను. సంచారి గారి లెక్కలో ఒక పద్దు రాయడం మరిచిపోయారు: ఆ పొట్లం పట్టుకుని ఎక్కడికి వెళ్తారు? 2017లో అప్పటి మేయర్ దారియో నార్దెల్లా, సాంతా క్రోచె లాంటి చర్చీల మెట్ల మీద జనం కూర్చుని తినకుండా ఉండడానికి మధ్యాహ్న భోజన వేళకు ఆ మెట్లను నీళ్లతో తడిపించారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో, వియా దెయ్ నేరితో పాటు ఉఫ్ఫిజీ మ్యూజియం చుట్టుపక్కల వీధుల కాలిబాటల మీద, గడపల మీద మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు, సాయంత్రం 6 నుంచి 10 వరకు ఆగి తింటే 150 నుంచి 500 యూరోల జరిమానా అని ఉత్తర్వు ఇచ్చారు. పొద్దుటి నుంచి మ్యూజియంలో నిలబడి, వరుసలో నిలబడి, ఆ తరువాత తింటూ కూడా నిలబడటం కుర్రవాళ్లకు చెల్లుతుంది. మీ అత్తగారికి ఆ రెండు యూరోలు కుర్చీకే ఇచ్చామనుకోండి, అరగంట విశ్రాంతి ఈ ఊళ్లో అంతకంటే చవకగా దొరకదు.

కూర్చోవడం అనగానే అందరూ కూడళ్లలోని గొడుగుల కింద వేసిన బల్లలనే ఊహించుకుంటున్నారు. నేను చెప్పేది వాటి గురించి కాదు. సాన్ లొరెంజో మార్కెట్టు వెనక వియా రొసీనాలో 1953 నుంచి నడుస్తున్న త్రత్తోరియా మారియో అనే భోజనశాల ఉంది. అది ప్రధానంగా మధ్యాహ్న భోజనానికి పేరుపడ్డ చోటు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ముక్కూమొహం తెలియనివారి పక్కన బల్ల పంచుకుని కూర్చోవాలి. నదికి అవతల ఓల్త్రార్నోలో, సాన్ ఫ్రెదియానో కోట గుమ్మం దాటగానే వియా పిసానాలో సబతీనో అనే మరో భోజనశాల ఉంది. అక్కడ ఆనాటి వంటకాలను టైపు కొట్టిన కాగితం మీద చూపిస్తారు. చుట్టుపక్కల పనిచేసేవారు, పింఛను తీసుకునే ముసలివారు వచ్చే చోటు అది. ఒక పాస్తా, ఒక కూర, కొపెర్తోతో సహా తలకు పదిహేను యూరోల దరిదాపుల్లో బయటపడవచ్చు. రెండు స్కియచ్చాతాలు, రెండు శీతల పానీయాలు, మధ్యలో ఒక ఐస్‌క్రీము కలిపి చూడండి, తేడా ఎంతో మీకే తెలుస్తుంది.

సంచారి:
ఆ ఉత్తర్వు 2019 జనవరి 6 వరకే అని పెట్టినది. ఇప్పటికీ పోలీసులు వెంటపడతారన్నట్టు చెప్పి గోదావరి గట్టు గారిని బెదరగొట్టడం న్యాయం కాదు. కూర్చోవడానికి చర్చి మెట్లే కావాలా? పియాజ్జా సాంతో స్పీరితో దాకా నడిస్తే చెట్ల కింద బెంచీలు ఉంటాయి.

బెజవాడ బాబాయి:
మీ ఇద్దరూ రొట్టెనూ కుర్చీనీ పట్టుకుని వాదించుకుంటున్నారు గానీ ఆ ఊరి అసలు చవక తిండి పేరు ఒక్కరూ ఎత్తలేదు. లంప్రెదొత్తో అంటే ఆవు పొట్టలోని నాలుగో అర. ఉల్లిపాయ, టమాటా, సెలరీ, పార్స్‌లీ వేసిన నీళ్లలో మెత్తబడేదాకా ఉడికిస్తారు. బండివాడు దాన్ని పెద్ద ఫోర్కుతో గిన్నెలోంచి పైకి తీసి, కాసేపు రసం ఓడనిచ్చి, చెక్క పీట మీద టకటకా తరిగి, ఉప్పూ మిరియాల పొడీ చల్లుతాడు. తరువాత గుండ్రటి బన్ను పైభాగాన్ని ఫోర్కుకు గుచ్చి అదే రసంలో ఒక్కసారి ముంచి తీస్తాడు. లోపల పచ్చటి సాస్, అడిగితే కారం నూనె. చొక్కా మీద పడకుండా ముందుకు వంగి తినాలి. అయిదారు యూరోలు. తెలంగాణలో బోటి కూర ఇష్టంగా తినేవారికి ఆ మెత్తదనం, ఆ వాసన కొత్తగా అనిపించవు, కాకపోతే ఇది మేకది కాదు, ఆవుది అన్న సంగతి తెలిసే కొనుక్కోవాలి. సాన్ లొరెంజో మార్కెట్టు కింది అంతస్తులో 1872 నుంచి ఉన్నామని చెప్పుకునే నెర్బోనే అనే అంగడి ఉంది. సాంతాంబ్రోజో మార్కెట్టు దగ్గరా బండి ఉంటుంది. ఇది బల్ల మీద పళ్లెంలో పెట్టించుకుని తినే వస్తువు కాదు, కనుక నేను నిలబడేవారి పక్షమే.

కూర్చునేవారికి ఒక హెచ్చరిక. బిస్తెక్కా అనే మాంసపు ముక్క ధర పళ్లేనికి ఇంత అని ఉండదు, కిలోకో, ఎత్తో అని వారు పిలిచే నూరు గ్రాములకో ఉంటుంది. ఆ ముక్క సాధారణంగా కిలోకు తగ్గదు. కాగితం మీద చిన్న అంకె చూసి మురిసిపోయిన మా మేనల్లుడు తెప్పించిన బిల్లు కట్టినవాడిని నేనే. అందుచేత మీ అబ్బాయి చేతికి మెనూ ఇవ్వకండి బాబూ.

శారద:
గోదావరి గట్టు గారు అడిగిన నలుగురిలో అత్తగారిని అందరూ కుర్చీ వరకే ఆలోచించి వదిలేశారు. ఆవిడ సంగతి పట్టించుకుంటే ప్రశ్న ఖర్చు దగ్గర ఆగదు. నేను శాకాహారిని, నా అభిప్రాయంలో నిలబడి కొనే కౌంటరే నమ్మదగినది, ఎందుకంటే అక్కడ రొట్టెలో ఏం పెడుతున్నారో కళ్లెదుటే కనిపిస్తుంది. వేయించిన వంకాయ, ఆర్టిచోక్ అనే కూరగాయ ముద్ద, ఎండబెట్టిన టమాటా అని వేలితో చూపించి పెట్టించుకోవచ్చు. భోజనశాలలో రిబొల్లీతా అని బీన్సు, నల్ల క్యాబేజీ ఆకు, పాత రొట్టె వేసి ఉడికించే సూప్ ఉంటుంది. చదవడానికి నిక్షేపంలాంటి శాకాహారమే, కానీ కుండలో పంది తోలు ముక్క వేశారో, మాంసం ఉడికించిన నీళ్లు పోశారో బల్ల దగ్గర కూర్చున్నవారికి తెలియదు. బాబాయి గారు చెప్పిన పచ్చటి సాస్‌లో కూడా సాధారణంగా చిన్న చేపలు నూరి కలుపుతారు. పార్మజాన్ జున్ను కోసం పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు గట్టిగా ఉన్నవారు పాస్తా మీద దాన్ని చల్లవద్దని ముందే చెప్పాలి.

అర్నో ఒడ్డు:
శారద గారి భయం నిజమైనదే, అయితే దానికి మందు కూడా కూర్చునే చోటే ఉంది. మెనూలో చివర కొంతోర్నీ అని పక్క వంటకాల వరుస ఉంటుంది, మనవాళ్లు దాన్ని చూడకుండానే కాగితం మూసేస్తారు. ఆలివ్ నూనెతో తెల్ల బీన్సు, వెల్లుల్లితో మగ్గబెట్టిన పాలకూర, కాల్చిన బంగాళాదుంపలు, ఏ కాలంలో దొరికేవి ఆ కాలంలో. ఒక్కొక్కటి నాలుగైదు యూరోలు ఉంటుంది. వాటిలో రెండు, టమాటా పాస్తా ఒకటి తీసుకుంటే ఆవిడకు వేడివేడి పూర్తి భోజనం అవుతుంది. బ్రోదో, అంటే సూప్‌లో పోసే ఉడికించిన నీళ్లు, కూరగాయలదా, మాంసానిదా అని అడిగితే విసుక్కోరు, వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వచ్చి చెబుతారు. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. బుట్టలో వచ్చే రొట్టె చప్పగా ఉందని పక్కన పెట్టకుండా బీన్సు రసంలో అద్దుకుని తినమని చెప్పండి. ఇక్కడి వంటలో ఎక్కువ భాగం ఆ చప్పదనాన్ని లెక్కలోకి తీసుకునే చేస్తారు.

గోదావరి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. మధ్యాహ్నాల సంగతి తెలిసింది. మాకు ఒక ఆదివారం కూడా వస్తుంది, ఆ రోజు ఈ చోట్లు తెరిచి ఉంటాయా?

అర్నో ఒడ్డు:
చాలావరకు ఉండవు. సబతీనోకు శని, ఆదివారాలు సెలవు. రెండు మార్కెట్లలోనూ అంగళ్లు ఆదివారం మూసే ఉంటాయి. మామూలు రోజుల్లో కూడా మధ్యాహ్నం రెండయ్యేసరికి సర్దుకోవడం మొదలుపెడతారు, కనుక మ్యూజియం నుంచి ఒంటిగంట లోపే బయటపడండి.

సంచారి:
ఆదివారం సాన్ లొరెంజో మార్కెట్టు పై అంతస్తుకు వెళ్లండి. ఆ ఇనుము, గాజు కట్టడం 1874 నాటిది. మిలాన్‌లోని గలేరియా అనే గాజు కప్పు అంగళ్ల వీధిని కట్టిన జుసెప్పె మెంగోనియే దీన్నీ కట్టాడు. పై అంతస్తును 2014లో భోజనాల హాలుగా మార్చారు. రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటుంది, ఎవరికి కావలసింది వారు వేర్వేరు కౌంటర్లలో కొనుక్కుని ఒకే బల్ల చుట్టూ చేరవచ్చు. అత్తగారికి పిజ్జా, అబ్బాయికి మాంసం.

అర్నో ఒడ్డు:
చవక అడిగినవారికి ఆ హాలు చూపించడం నాకు నచ్చలేదు. ఒక్కో పళ్లెం విడిగా చూస్తే తక్కువే, నలుగురివీ కూడితే భోజనశాల బిల్లును దాటుతుంది. ఆదివారం రాత్రికి నది అవతల వీధుల్లో ఏదైనా మామూలు పిజ్జా అంగడి చూసుకోండి.

శారద:
పిజ్జా అయితే అత్తగారికి మరినారా చెప్పండి. అందులో టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె మాత్రమే, జున్ను ఉండదు కనుక నేను చెప్పిన దూడ సమస్య రాదు, పైగా ఆ కాగితం మీద అన్నిటికంటే తక్కువ ధర సాధారణంగా దానిదే. చేపలు వేయకండి అని మాత్రం ఒకమాట చెప్పి ఉంచండి, కొన్ని చోట్ల వేస్తారు.

బెజవాడ బాబాయి:
శనివారం మధ్యాహ్నం అబ్బాయిని ఒక్కడినే నెర్బోనే దగ్గరికి పంపండి. ఆరు యూరోలు చేతిలో పెడితే చాలు.