తొమ్మిదో తరగతికి చిన్న లాప్‌టాప్: కొత్త సెలెరానా, పాత థింక్‌ప్యాడా?

ప్రశ్న (జవాబులు ముద్దుపేర్లతో): పైథాన్ ప్రోగ్రామింగ్, తెలుగు టైపింగ్, వీడియో పాఠాలకి. స్కూలు బ్యాగులో పట్టాలి. ఇంటెల్ చవక ప్రాసెసర్ సెలెరాన్ ఉన్న 11.6 అంగుళాల కొత్తది (4జీబీ ర్యామ్, ఫైళ్లు దాచే 64జీబీ ఈఎంఎంసీ చిప్) మేలా, సెకండ్‌హ్యాండ్ లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్280 మేలా?

చిట్టిపెట్టె: కొత్తదే. ఎన్4020 అనే సెలెరాన్ ప్రాసెసర్ 6 వాట్లది, చాలావాటిలో ఫ్యానే ఉండదు. దుమ్ము బెడద లేదు, చప్పుడు లేదు, వారంటీ ఉంది. పిల్లలకి ఇంకేం కావాలి?

మరమేకు: చోటు కావాలండీ. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస హద్దే 4జీబీ, 64జీబీ. అంటే కొన్న రోజే అంచున నిలబడ్డట్టు. పెద్ద అప్‌డేట్ వస్తే చోటు చాలక మధ్యలో ఆగిపోతుంది. ఈఎంఎంసీ బోర్డుకే సోల్డర్ చేసి (అతికించి) ఉంటుంది, పెద్దది వేద్దామన్నా కుదరదు.

చిట్టిపెట్టె: ఎక్స్280లో ర్యామ్ కూడా సోల్డరే కదా!

మరమేకు: అవును, అందుకే 8జీబీకి తక్కువది ముట్టుకోవద్దు. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ మాత్రం ఎం.2 స్లాటులో గుచ్చే విడి కార్డు, అడుగు మూత తీసి మార్చుకోవచ్చు. దాని ముందు మోడల్ ఎక్స్270కి ర్యామ్ స్లాటుంది గానీ 6, 7వ తరాల ఇంటెల్ ప్రాసెసర్లే, విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి 8వ తరం ఐ5 అని చూసి మరీ తీసుకోండి.

సీటీసీ గల్లీ: సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ అయినా ఇంకెక్కడైనా, డబ్బులిచ్చే ముందే కౌంటర్ దగ్గర మూడు పనులు చేయండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి బ్యాటరీ రిపోర్ట్ తీయండి. ఎక్స్280 డిజైన్ కెపాసిటీ (కొత్తప్పటి సామర్థ్యం) సుమారు 48,000 మిల్లీవాట్ అవర్లు. ఫుల్ ఛార్జ్ 29,000 చూపిస్తే 60 శాతమే మిగిలినట్టు, బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కండి, బయోస్ సెట్టింగులకు పాత యజమాని పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే ఆ లాప్‌టాప్ వదిలేయండి. చివరిది చాలామంది మరిచేది: విండోస్ రీసెట్ చేసి నెట్‌కి కలపండి. ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగిందంటే అది ఇంకా ఆ కంపెనీ లెక్కల్లోనే ఉంది, కొనొద్దు.

పెంగ్విన్ పక్షం: తప్పు చిన్న పెట్టెది కాదు, దాని మీద మోపే బరువుది. 2007లో ఆసుస్ వారి చిన్న లాప్‌టాప్ ‘ఈ పీసీ 701’ (Eee PC) 512ఎంబీ ర్యామ్, 4జీబీ ఫ్లాష్‌తోనే వచ్చింది, లినక్స్ కాబట్టి నడిచింది. అదే సెలెరాన్‌లో విండోస్‌కి బదులు లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ (తేలికపాటి రకం) వేయండి. పైథాన్ దాంతోపాటే వస్తుంది, ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంతో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో తెలుగు కూడా కొట్టొచ్చు. బ్రౌజర్లో ట్యాబులు మాత్రం నాలుగైదు దాటనీయకండి, 4జీబీ ఎక్కడైనా 4జీబీయే.

చిట్టిపెట్టె: స్కూలు వాళ్ల సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుందంటే?

మరమేకు: అప్పుడూ కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్, 8జీబీ ర్యామ్, 256జీబీ ఎస్ఎస్‌డీ. అంతకంటే దిగొద్దు.